ఆడ గప్పీ ఇష్టం ఎక్కడిది?

ప్రశ్న: మా అక్వేరియంలోని ఆడ గప్పీ ఒక మగచేపను దగ్గరకు రానిస్తుంది, ఇంకొకటి వస్తే తప్పుకుంటుంది. ఈ ఇష్టాయిష్టాలు పుట్టుకతో వచ్చేవా, చూసి నేర్చుకునేవా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండూ ఉన్నాయి. ఏది ఎప్పుడు నెగ్గుతుందన్న సంగతిని శాస్త్రజ్ఞులు ఈ గప్పీలలోనే పరీక్షించి చూశారు. దోమల లార్వాలను తింటాయని మనం బావుల్లో, కాలువల్లో వదిలే ఈ చేపల స్వస్థలాల్లో ట్రినిడాడ్ ద్వీపం ఒకటి. అక్కడి పారియా నదిలోని ఆడచేపలు ఒంటిమీద నారింజరంగు ఎక్కువగా ఉన్న మగచేపలను కోరుకుంటాయి. ఈ మక్కువ వాటికి వారసత్వంగా వచ్చింది.

అమెరికా జీవశాస్త్రవేత్త లీ డుగాట్కిన్ 1996లో ప్రచురించిన ప్రయోగంలో, రంగు తక్కువగా ఉన్న మగచేప పక్కన మరో ఆడచేప ఉన్నట్టు ఒక ఆడచేపకు చూపించి, ఆ తరువాత రంగు ఎక్కువున్నదీ తక్కువున్నదీ అయిన రెండు మగచేపల్లో ఒకదాన్ని ఆ చూసిన ఆడచేపను ఎంచుకోనిచ్చారు. మగచేపల నారింజరంగులో తేడా సగటున 12 లేదా 25 శాతం ఉన్నంతవరకు, అది తన సహజమైన ఇష్టాన్ని పక్కనపెట్టి తోటి ఆడచేప ఎంపికనే అనుసరించింది. తేడా 40 శాతానికి చేరినప్పుడు మాత్రం ఎవరు ఎవరి పక్కన ఉన్నా లెక్కచేయక రంగున్నదాని వైపే వెళ్లింది. వయసులో చిన్న ఆడచేపలు పెద్దవాటిని అనుకరిస్తాయే తప్ప పెద్దవి చిన్నవాటిని అనుకరించవని మరో ప్రయోగంలో తేలింది; ఇది నాకు ఎంతో ముచ్చటగా తోచిన ఫలితం. అయితే ఇతర చోట్ల గప్పీలపై జరిగిన ప్రయోగాలన్నిటిలోనూ ఈ అనుకరణ కనిపించలేదు.

పరిసరాలంటే తోటి చేపలు మాత్రమే కావు. పెద్ద వేటచేపలు తిరిగే దిగువ మడుగుల్లో మెరిసే మగచేపలు త్వరగా వాటి కంటపడతాయి. పక్కనున్న ఆడచేపకూ ఆ ముప్పు తప్పదు కాబట్టి, అటువంటి చోట్ల పుట్టిన ఆడచేపలు వేటచేప కనబడగానే రంగుపై మోజు తగ్గించుకుంటాయి. పైగా ఆ నారింజరంగులో కొంత భాగం నాచు వంటి ఆహారం నుంచి వచ్చే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలదే గనుక, ఆడచేప మెచ్చుకునే అందంలో మగచేప తిన్న తిండికీ వాటా ఉంది.

మీ చేప విషయానికొస్తే, అంగళ్లలో దొరికే గప్పీలు తరతరాలుగా మనుషులు రంగుకోసం, తోకకోసం ఏరి పెంచినవి. వాటి ఇష్టాలు పారియా చేపలతో సరిపోలనవసరం లేదు. దానికన్నా ముందు అది గర్భంతో ఉందేమో చూడండి. ఒకసారి జతకట్టిన ఆడ గప్పీ, పిల్లలు పెట్టిన తరువాతి కొద్ది రోజులు తప్పితే, తక్కిన కాలమంతా మగచేపలను చాలావరకు దూరంగానే ఉంచుతుంది.