పదిమందిలో ఇద్దరిని బతికించింది ఎవరు?

ప్రశ్న: అగాథా క్రిస్టీ నవల ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ చదివిన తర్వాత 1945 నాటి సినిమా చూశాను. నవలలో ద్వీపానికి వెళ్ళిన పదిమందిలో ఒక్కరూ మిగలరు. సినిమాలో మాత్రం వేరా, లోంబార్డ్ పేరుతో వచ్చిన యువకుడు ప్రాణాలతో బయటపడతారు. సుఖాంతం కోసం సినిమావాళ్ళు కథను పాడుచేశారా? — ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ న్యాయమైనదే కానీ, ఆ నింద దర్శకుడు రెనే క్లెయిర్ మీద వేయలేం. ముగింపు మార్చింది క్రిస్టీయే. 1939లో వెలువడిన నవలను ఆమే నాటకంగా రాశారు. 1943లో లండన్ సెయింట్ జేమ్స్ థియేటర్‌లో ప్రదర్శించిన ఆ నాటకంలోనే వేరా, లోంబార్డ్ తొలిసారి బతికారు. సినిమా ఆ దారినే నడిచింది.

అందరూ చనిపోతే రంగస్థలం మీద జరిగింది చెప్పడానికి ఎవరూ మిగలరన్నది తన ఇబ్బంది అని ఆమె ఆత్మకథలో రాసుకున్నారు. నవలకు ఆ చిక్కు లేదు, ఎందుకంటే సముద్రంలో దొరికిన సీసాలోని ఉత్తరం చివర్లో గుట్టు విప్పుతుంది. కథకు ఆధారమైన పిల్లల పాటకు రెండు ముగింపులున్నాయి. ఒకదానిలో ఆఖరివాడు ఉరి వేసుకుంటాడు, మరోదానిలో పెళ్ళి చేసుకుంటాడు. నవలకు మొదటిది, నాటకానికి రెండోది తీసుకున్నారు కనుక పాటకు ద్రోహం జరగలేదు.

అయినా నష్టం జరిగిందనే నా అభిప్రాయం. ఇద్దరినీ బతికించాలంటే ఇద్దరినీ నిర్దోషులను చేయక తప్పలేదు. నవలలో వేరా తన సంరక్షణలో ఉన్న పసివాణ్ణి, ఈదలేడని తెలిసీ, సముద్రంలో దూరంగా ఈదడానికి అనుమతించిన మనిషి. ఆమె గదిలో ఎదురుచూస్తున్న ఉరితాడు భయపెట్టేది ఆ జ్ఞాపకం వల్లే. ఆ నేరం తీసేస్తే మిగిలేది హంతకుడెవరన్న ఉత్కంఠ ఒక్కటే.

నవలలో నన్ను వదలని వస్తువు ఒక కుర్చీ. వేరా కాలితో తన్నేసిన ఆ కుర్చీ పోలీసులు వచ్చేసరికి గోడ పక్కన పొందికగా నిలబెట్టి ఉంటుంది. ఆమె తర్వాత కూడా ఆ ఇంట్లో ఎవరో బతికి ఉన్నారని చెప్పే సాక్షి అదే. ఇంత చిన్న ఆధారంతో పాఠకుడి వెన్ను జలదరింపజేయడం క్రిస్టీ గొప్పతనం.

1965లో మంచుకొండ మీదికి, 1974లో ఇరాన్ ఎడారిలోని హోటల్‌కు కథను మార్చిన సినిమాలు కూడా నాటకం ముగింపునే పట్టుకున్నాయి. మీరు కోరుకున్న ముగింపు కావాలంటే 1987లో స్తానిస్లావ్ గోవరూఖిన్ తీసిన సోవియట్ చిత్రం చూడండి. ఆ తర్వాత 2015లో సారా ఫెల్ప్స్ రాసిన మూడు భాగాల బీబీసీ ధారావాహిక కూడా చూడవచ్చు. రంగస్థలం మీద తేలని ఆ చిక్కును అందులో ధైర్యంగా విప్పారు. వేరా మెడకు ఉరి బిగిసి ఉండగానే హంతకుడు గదిలోకి వచ్చి, అన్నీ ఆమెకే చెబుతాడు.