కొలరాడోలో విల్లుతో ఎల్క్ వేట: ఒక్క వారమే సెలవు ఉంటే ఎప్పుడు వెళ్లాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: మీరు అరోరాలో ఉంటున్నారు, కొలరాడో రెసిడెంట్ అయ్యారు. డాలస్ నుంచి మీ స్నేహితుడు వస్తాడు. ఇద్దరూ నేషనల్ ఫారెస్ట్‌లో గైడ్ లేకుండా, మొదటిసారి విల్లుతో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్లాలనుకుంటున్నారు. సెప్టెంబరులో ఆఫీసు ఇచ్చే సెలవు ఒక్క వారమే. ఆ వారం సీజన్ మొదట్లో పెట్టాలా, మధ్యలోనా, ఆఖర్లోనా?

ఆఖరి వారం పెట్టండి. ఇక్కడ ఆర్చరీ సీజన్, అంటే విల్లుతో వేటాడే కాలం, సెప్టెంబరు 2 నుంచి 30 వరకు. అందులో మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు, గుండు కూరి పేల్చే) తుపాకుల సీజన్ రెండో శనివారం మొదలై తొమ్మిది రోజులు నడుస్తుంది. అది ముగిసిన ఆదివారం దాటాక, సోమవారమో మంగళవారమో అడవిలోకి వెళ్లండి.

చాలామంది దీనికి చెప్పే కారణం ఎల్క్ జతకట్టే కాలం. అది నిజమే. ఆడ ఎల్క్ ఎదకు రావడం పగటి వెలుగు తగ్గడాన్ని బట్టి ఉంటుంది. కడుపుతో ఉండేది ఎనిమిది నెలల పైనే. దూడలు మే చివర, జూన్ మొదట్లో పచ్చగడ్డి వచ్చే వేళకు పుట్టాలి కాబట్టి ఏటా దాదాపు అవే రోజులకు, అంటే సెప్టెంబరు మూడో వారం, ఆఖరి వారాల్లో, ఆ ఊపు వస్తుంది. అందుకే పౌర్ణమి ఎప్పుడు, అమావాస్య ఎప్పుడు అని చూసి సెలవు మార్చుకోవద్దు. వాతావరణం మారిస్తే మార్చేది ఒక్కటే, అవి పగలు ఎంత తిరుగుతాయన్నది. ఎండగా ఉంటే రాత్రంతా కూసి, తెల్లారేసరికి దట్టమైన చెట్ల నీడలోకి వెళ్లి పడుకుంటాయి. చలిగా ఉంటే పొద్దెక్కాక కూడా కూత వినపడుతుంది. కొత్తవాళ్లకు ఆ కూతే దారి చూపిస్తుంది. వేల ఎకరాల అడవిలో అవి ఎక్కడున్నాయో మీకు మీరే కనుక్కోవడం చాలా కష్టం.

కానీ నా లెక్కలో అంతకంటే పెద్ద కారణం మాంసం.

పెద్ద మగ ఎల్క్ మూడు వందల కిలోలు తూగుతుంది. ఎముకలు తీసేశాక కూడా ఎనభై, తొంభై కిలోల మాంసం ఉంటుంది. బండి ఆగిన చోటికి ఇద్దరు వీపు మీద మోసుకురావాలంటే ఒక్క విడతలో అయ్యే పని కాదు. సెప్టెంబరు మొదటి వారంలో పది వేల అడుగుల ఎత్తులో కూడా మధ్యాహ్నం బాగా ఎండ కాస్తుంది. అలాంటి వేడిలో మేం ఒకసారి ఎల్క్‌ని కోశాం. బాణం తగిలి గంట దాటినా మెడ దగ్గర తోలు కింద చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టే ఉంది. తోలు మొత్తం వెంటనే తీసేసి, తొడలు, జబ్బలు విడదీసి, తుంటి ఎముక చుట్టూ కండ కోసి గాలి తగిలేలా చేశాం. ముందు పాడయ్యేది ఆ తుంటి కీలు దగ్గరే. తర్వాత గుడ్డ సంచుల్లో వేసి, వాగు పక్కన ఉత్తరం వైపు వాలులో, నీడలో వేలాడదీశాం. రాత్రి చలి దిగేదాకా నాకు టెన్షన్ తగ్గలేదు. నెలాఖరుకి రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది కాబట్టి మీకు ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది. ప్రాణం తీసినందుకు ఒక్క ముద్ద కూడా పాడవకూడదని నేను గట్టిగా నమ్ముతాను. తినదగిన మాంసం అడవిలో వదిలేయడం ఇక్కడ నేరం కూడా. మోసుకొచ్చే మాంసానికి ఆడో మగో తెలిసే ఆనవాలు అంటిపెట్టుకుని ఉండాలన్న రూలు కోత మొదలుపెట్టకముందే గుర్తుంచుకోండి.

మొదటి వారానికీ ఒక మంచి గుణం ఉంది. ఎల్క్ అప్పటికి ఇంకా మనుషుల అలికిడికి బెదిరి ఉండవు. ఆగస్టులో మీరు వారాంతాల్లో తిరిగి, అవి పొర్లాడే బురదగుంట కనిపెట్టి ఉంటే మాత్రం నా సలహా పక్కన పెట్టి 2వ తేదీనే వెళ్లండి. వాడకంలో ఉన్న గుంటను గుర్తుపట్టడం తేలిక. నీళ్లు కలకబారి ఉంటాయి, అంచున గిట్టల ముద్రలు పదునుగా ఉంటాయి, పక్క చెట్ల మొదళ్లకు తడి బురద పూసి ఉంటుంది. అన్నిటికంటే ముందు ఆ ఘాటైన వాసన ముక్కుకి తగులుతుంది. ఎండిన సంవత్సరంలో అలాంటి చోట గాలి వాటం చూసుకుని మధ్యాహ్నం నుంచి చీకటిదాకా కదలకుండా కూర్చోగలిగితే అవకాశం ఉంది. అయితే లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు) అటూ ఇటూ క్యాంపింగ్ జనం ఎక్కువ, మధ్యాహ్నం పిడుగుల భయం కూడా ఉంటుంది.

మధ్య వారాలు నేను వదిలేస్తాను. ఆర్చరీ వాళ్లూ మజిల్‌లోడర్ వాళ్లూ ఒకే అడవిలో ఉంటారు. వెళ్లక తప్పకపోతే నడిచేటప్పుడు నారింజ రంగు చొక్కా వేసుకోండి.

ఆఖరి వారంలో ఇబ్బందులు లేవని కాదు. అప్పటికి మూడు వారాలుగా జనం కూతలు అనుకరించి అనుకరించి వాటిని బెదరగొట్టి ఉంటారు. ఆడవాటిని కూడగట్టుకున్న పెద్ద మగది మీ పిలుపు విని దగ్గరికి రాదు, మందను తోలుకుని దూరంగా పోతుంది. దాని వెంట పడొద్దు. మంద చుట్టూ తిరిగే చిన్న మగవాటి మీద దృష్టి పెట్టండి. వీలైనంత దగ్గరికి చేరాక ఆడదాని గొంతుతో మెల్లగా ఒకటి రెండు పిలుపులు చాలు. చాలా యూనిట్లలో (వేట కోసం నంబర్లతో విడగొట్టిన ప్రాంతాల్లో) మగదానికి ఒక కొమ్ముకి కనీసం నాలుగు కొనలు గానీ, నుదుటి దగ్గర అయిదంగుళాల కొన గానీ ఉండాలి. బాణం వదిలేముందు అది చూడాలి. మీ లైసెన్సు ఆడామగా రెండింటికీ చెల్లేదైతే, మొదటిసారికి ఆడదాన్ని వదులుకోకండి.

గాలి ఎటు వీస్తోందో చల్లి చూసుకోవడానికి పౌడర్ సీసా జేబులో ఉంచుకోండి. పొద్దున గాలి వాలు వెంట కిందికి జారుతుంది, ఎండ పడ్డాక పైకి తిరుగుతుంది. సాయంత్రం కొండ నీడ మీ మీద పడగానే మళ్లీ కిందికి. నెలాఖరుకి పొద్దు తొందరగా వాలుతుంది కాబట్టి ఆ మార్పూ ముందే వస్తుంది. ఆ వేళకు మీరు వాటికి పై వైపున ఉంటే మీ వాసన నేరుగా వాటికే చేరుతుంది.

ఇంట్లో పట్టింపులుంటే ముందే మాట్లాడుకోండి. ఆఖరి వారం చాలా ఏళ్లు మహాలయ పక్షంలోనో నవరాత్రుల్లోనో పడుతుంది. మాంసం ఫ్రీజర్‌లో ఆగుతుంది కాబట్టి మా ఇంట్లో ఇబ్బంది రాలేదు.

మీ స్నేహితుడి సంగతి ఇప్పుడే తేల్చండి. మీకు చాలా యూనిట్లకు లైసెన్సు నేరుగా దొరుకుతుంది. బయటి రాష్ట్రాల వాళ్లకు మాత్రం 2025 నుంచి ఐ-25 హైవేకి పడమటి వైపు ఆర్చరీ ఎల్క్ లైసెన్సు డ్రాలోనే (లాటరీలోనే) వస్తుంది, దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లో ముగుస్తుంది. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు (వేట భద్రత కోర్సు పూర్తి చేసినట్టు ఇచ్చేది) అంతకుముందే చేతిలో ఉండాలి. డాలస్ నుంచి వచ్చి మర్నాడే పది వేల అడుగులెక్కితే తలనొప్పి, వాంతులు పట్టుకోవచ్చు, అందుకే రెండు రోజులు ముందు వచ్చి మీ ఇంట్లో ఉండమనండి. డ్రా ఫలితం వచ్చాక యూనిట్ నంబరు ఇక్కడే రాయండి, నేను తిరిగిన చోటైతే ఏ వైపు నుంచి ఎక్కాలో చెబుతాను.