ముందు ముక్క అల్లి ఉతుకు

బిడ్డా,

లేహ్‌లో ఉన్న అల్లుడికి డిజైన్ సాక్సులు అల్లుతానన్నావు, సంతోషం. మన నల్లగొండ ఎండలకు ఊలు ముట్టుకుంటేనే చెమట పడుతుంది. పొద్దున్నే కూర్చో, ఒళ్లో తువ్వాలు పెట్టుకో. చేతులు తడిగా ఉంటే సన్న ఊలు సూది మీద జారదు.

గొంగడి ఊలు వాడొచ్చా అని అడిగావు. వద్దు. దక్కనీ గొర్రె ఉన్ని భుజానికి బాగుంటుంది గానీ పాదానికి గీరుకుంటుంది. 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్ కలిసిన సాక్సుల ఊలు కొను. నైలాన్ లేకపోతే మడమ దగ్గర తొందరగా చిరుగుతుంది. 100 గ్రాములకు దాదాపు 400 మీటర్లు వస్తుంది, జతకు చాలు. రంగు ఒకటే, అదీ లేతది. నలుపులో, రంగులు కలగలిసిన దాంట్లో డిజైన్ కనబడక కష్టమంతా మట్టిపాలవుతుంది.

మీ పెదనాన్నకు మొదటిసారి అల్లినప్పుడు చుట్టూతా జడల డిజైన్ వేశాను. ఎంత ముద్దుగా ఉందో! తొడగబోతే మడమ దాటలేదు. జడ కుట్లు అల్లికను లోపలికి లాగేస్తాయి, సాగనివ్వవు. నెల రోజుల పని విప్పి మళ్లీ ఉండ చుట్టాను.

పుట్టపాకలో నూలుకు ముడులు కట్టి రంగులో ముంచేవాళ్లు మగ్గం ఎక్కకముందే డిజైనంతా పోగుల లెక్కలో తేల్చుకుంటారు. నువ్వూ అట్లే చెయ్యి. 2.25 మి.మీ. సూదుల మీద అంగుళానికి 8 కుట్లు వస్తే, 64 కుట్లకు 8 అంగుళాల చుట్టు. పాదం చుట్టుకొలత 9 అంగుళాలుంటే అదే సరి, ఆ అంగుళం తక్కువుంటేనే కాలిని పట్టి ఉంటుంది. చుట్టుకొలత 10 అయితే 72 కుట్లు. రెండూ నాలుగుతో తెగుతాయి కాబట్టి నాలుగు కుట్ల డిజైనే పెట్టుకో: ఒక చుట్టు రెండు సీదా (నున్నగా కనబడే కుట్టు), రెండు ఉల్టా (బుడిపెలా కనబడే కుట్టు), తర్వాతి చుట్టు మొత్తం సీదా. జొన్నలు పరిచినట్టు వస్తుంది, సాగుతుంది కూడా.

అంగుళానికి ఎన్ని కుట్లు వస్తాయో చూసే నమూనా ముక్కను కూడా సాక్సులాగే గుండ్రంగా అల్లు. అటూ ఇటూ తిప్పి అల్లితే లెక్క మారుతుంది. ఉతికి, నీడలో ఆరాకే కొలువు.

అరికాలి కింద డిజైన్ వద్దేవద్దు. పైన 32 డిజైన్, కింద 32 నున్నగా సీదా. ఉల్టా బుడిపెలు బూటులో రోజంతా గుచ్చుకుంటాయి. మడమ వెనక ముక్కకు ఒక కుట్టు అల్లకుండా జరుపు, ఒకటి సీదా. తిరుగు వరుసంతా ఉల్టా. మందంగా, గట్టిగా వస్తుంది. మొదటి కుట్లు రెండు సూదులు కలిపి పట్టుకుని వదులుగా ఎక్కించు, లేకపోతే పిక్క మీద గాడి పడుతుంది. వేళ్ల దగ్గర కుట్లు తగ్గించడం నీకు తెలిసిందే.

ఎన్ని చుట్లు అల్లావో నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకో, రెండోది మొదటి దాంతో కలవాలి కదా. మొదటిది అయిన రాత్రే రెండోదానికి కుట్లు ఎక్కించు. నా పెట్టెలో ఇంకా మూడు ఒంటి సాక్సులున్నాయి, నవ్వకు.

అల్లుడిని పాదం చుట్టు, పొడవు సాయంత్రం కొలవమను, అప్పటికి కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి. ఆదివారం వచ్చేటప్పుడు ముక్క తీసుకురా. ఉతికిందే.

నీ పెద్దమ్మ
నల్లగొండ