కోడలిని గదిలో కూర్చోబెట్టి ఏం అడిగారు?

ప్రశ్న: మొన్న ఆరోగ్య సర్వే అంటూ ఇద్దరమ్మాయిలు వచ్చారు. వీధిలో ఇన్ని ఇళ్లుంటే మా ఇల్లే దొరికింది. మా కోడలిని గదిలో కూర్చోబెట్టి, నన్నేమో ‘కాసేపు బయట ఉండండి ఆంటీ’ అన్నారు. మొగుడు కొట్టడం న్యాయమేనా అని అడిగారట! ఇలాంటివి అడిగి ఏం చేసుకుంటారు? మీరు సర్వేల్లో పనిచేశారు కదా, చెప్పండి.
– ఓ అత్తగారు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, విజయవాడ కృష్ణలంకలో ఫారాలు పట్టుకుని తిరిగిన రోజుల్లో ఇలా వరండాలో అలిగి కూర్చున్న అత్తగార్లకు చాలామందికి సర్దిచెప్పాను.

మీ ఇల్లే ఎందుకంటారా? ముందు ఆ ప్రాంతంలో ఇళ్లన్నీ రాసుకుని, వాటిలోంచి లెక్క ప్రకారం కొన్ని తీస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో చోట 22 ఇళ్లు. తాళం ఉందని పక్కింటికి వెళ్లకూడదు. పక్కింటావిడ ‘మా ఇంట్లో రాసుకోండి, కాఫీ ఇస్తా’ అన్నా కుదరదు. నేనైతే కాఫీ తాగి వచ్చేసేదాన్ని.

ఇక ఆ ప్రశ్న. ఆ సర్వేలో అది ఒకటి కాదు, ఏడు. చెప్పకుండా బయటికి వెళ్తే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చేయకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే... ఇలా ఒక్కొక్కటే చదువుతారు. ఏ ఒక్కదానికి ‘అవును’ అన్నా ఆమెను ‘అవును’ లెక్కలోనే వేస్తారు. 2019లో మన రాష్ట్రంలో నూటికి 84 మంది ఆడవాళ్లు అలా తేలారు. దేశం మొత్తం మీద 45. పేపర్లో చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ తర్వాత మా ఫారాలు గుర్తొచ్చాయి. కూర మాడితే కొట్టొచ్చా అంటే పకపకా నవ్వినవాళ్లే, అత్తమామల మాట రాగానే ‘అది తప్పే కదా మేడమ్’ అనేవాళ్లు. అత్తగారు గుమ్మంలో ఉంటే ఆ ‘తప్పే’ ఇంకాస్త గట్టిగా వచ్చేది! మిమ్మల్ని బయట కూర్చోబెట్టింది అందుకే.

అడిగి ఏం చేసుకుంటారంటే, కొన్నేళ్ల తర్వాత మళ్లీ అదే అడుగుతారు. దేశంలో ఆడవాళ్ల లెక్క 2005-06లో 54, పదేళ్లకు 52, ఆ తర్వాత 45. మగవాళ్లది 51 నుంచి 42కి దిగి, మళ్లీ 44కి ఎక్కింది. ప్రశ్నను తలోసారి తలోరకంగా అడిగితే ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడలేం.

మీ కోడలు ప్రశ్న ఏమిటో చెప్పింది కానీ, తన జవాబు చెప్పలేదు కదూ? అడక్కండి. ఎవరికీ చెప్పబోమని ఆ అమ్మాయిలు ఆమెకు మాటిచ్చే ఉంటారు.