లెవెల్ పెరగడానికి ఏఏ షరతు పెట్టవచ్చా?

ప్రశ్న: నేను, కడపలో ఉండే మా చిన్నాన్న కొడుకు, మరో నలుగురు స్నేహితులం కలిసి రాత్రిళ్లు ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడుతుంటాం. ఆ తమ్ముడు వేటలో తనకు వచ్చే అనుభవం పాయింట్లన్నీ లెవెల్‌కే మళ్లించి మా అందరినీ దాటిపోయాడు. కానీ అదనపు శక్తులు కొనుక్కోవడానికి పనికొచ్చే ఏఏ పాయింట్లు దాదాపు లేకపోవడంతో, ట్యాంక్‌గా అందరి దెబ్బలూ తాను కాస్తూ ముందు నిలబడవలసిన వాడు కాసేపటికే పడిపోతున్నాడు. ఇన్ని ఏఏలు ఉంటేనే తర్వాతి లెవెల్ అనే నిబంధన ఉండాలని నేనంటాను, అది దౌర్జన్యమని వాడంటాడు. ఎవరి మాట సబబు?
– ఒక పాఠకుడు, బి.క్యాంపు, కర్నూలు

జవాబు: మీ బాధ న్యాయమైనదే, కానీ మీరు కోరుతున్న మందుతో నేను ఏకీభవించలేను.

ఎవర్‌క్వెస్ట్ 1999 మార్చిలో మొదలైంది. ఆల్టర్నేట్ అడ్వాన్స్‌మెంట్ అనే ఈ ఏఏ పద్ధతి 2001 డిసెంబరులో, షాడోస్ ఆఫ్ లక్లిన్ విస్తరణతో వచ్చింది. అప్పటికి గరిష్ఠ లెవెల్ 60. అక్కడికి చేరి ఆగిపోయిన వారికి ఇంకా ఎదగడానికి ఒక దారి కావలసి వచ్చింది. 51వ లెవెల్ నుంచి అనుభవంలో ఎంత శాతం లెవెల్‌కు, ఎంత ఏఏకు పోవాలో ఆటగాడే నిర్ణయించుకునేలా దాన్ని రూపొందించారు. మన కె.సి. కాలువ కింది రైతు ఏ మడికి ఎంత నీరు కావాలో చూసుకుని మడవ తిప్పుకున్నట్లే అనుకోండి. చనిపోతే లెవెల్ అనుభవం కొంత పోతుంది గాని సంపాదించిన ఏఏ పాయింటు పోదు. అందుకే అనుభవమున్న ఆటగాళ్లు ప్రమాదకరమైన చోట్లకు వెళ్లేటప్పుడు కొంత భాగాన్ని అటువైపు మళ్లిస్తారు.

లెవెల్‌కూ ఏఏకూ ముడి మొదటినుంచీ ఉన్నదే, కాకపోతే అది మీరు కోరే దిశలో లేదు. తొలినాళ్లలో ఏఏ శక్తుల్లోని సాధారణ విభాగంలో 6 పాయింట్లు ఖర్చు చేసి 55వ లెవెల్‌కు చేరితే తప్ప రెండో విభాగం తెరుచుకునేది కాదు. ఈ షరతులో ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే అది అదనపు శక్తికి పెట్టిన అర్హతే గాని ఎదుగుదలకు వేసిన అడ్డుకట్ట కాదు.

ఇప్పుడు దీన్ని తిరగేసి, ఏఏ లేనిదే లెవెల్ లేదని అంటే మడవ తిప్పే హక్కు ఆటగాడి చేతిలో నుంచి జారిపోతుంది. ట్యాంక్‌కు దెబ్బను తగ్గించే ఏఏలు ప్రాణాధారం, నిజమే. కానీ మీ గుంపులో గాయాలు మాన్పే క్లెరిక్‌కు ముందు కొత్త మంత్రాలు కావాలి, అవి లెవెల్‌తోనే వస్తాయి. అందరికీ ఒకే సంఖ్య నిర్ణయిస్తే అవసరం లేని వాడు కూడా ఆ సంఖ్య నిండే దాకా అదే చోట అవే మృగాలను చంపుతూ కూర్చోవాలి. పైగా సంఖ్య ఉన్నంత మాత్రాన సరైన ఏఏలే కొన్నాడని చెప్పలేం. మీ తమ్ముడు ఆ పాయింట్లన్నీ వేగంగా పరిగెత్తే శక్తి వంటి వాటి మీద పెట్టినా లెక్క నిండుతుంది, పడిపోవడం మాత్రం ఆగదు.

అడ్డుకట్ట తప్పనిసరి అనుకున్నా దాన్ని కట్టే పద్ధతి ఒకటుంది. 2020లో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్ అనే మరో ఆటలో, లెవెల్ లాంటిదైన అడ్వెంచర్ ర్యాంక్ 25కు చేరాక ఒక పరీక్ష లాంటి క్వెస్ట్ పూర్తి చేయనిదే ముందుకు పోనివ్వరు. ఆగిన కాలంలో సంపాదించిన అనుభవం వృథా కాకుండా పోగుపడి, గేటు ఎత్తగానే చేతికి వస్తుంది. సుంకేసుల దగ్గర గేట్లు దించినా నీరు నిలిచే ఉంటుంది కదా! కష్టాన్ని దాచిపెట్టే గేటును ఆటగాడు భరిస్తాడు, పారబోసే గేటును భరించడు. ఇంకొక మాట: ఆ క్వెస్ట్ చూసేది ఆటగాడు పోరాడగలడా లేదా అన్నదాన్నే. నిబంధన పెట్టేవారు సంఖ్యను గాక సామర్థ్యాన్ని అడగాలని నేను గట్టిగా నమ్ముతాను.

మీ ఇంటి గొడవకు వస్తే, లెవెల్‌ను కాస్త పక్కన పెట్టి అనుభవంలో కనీసం సగమైనా ఏఏకు మళ్లించమని తమ్ముడికి చెప్పండి. ముందుగా దెబ్బను తగ్గించేవి, ప్రాణశక్తిని పెంచేవి కొనాలి, మిగతావి ఆ తర్వాతే. అవి చేతికొచ్చే దాకా మిగిలిన ఐదుగురూ మీకు అలవాటైన కఠిన స్థలాలు మాని, అతను తట్టుకోగల చోటనే వేటాడండి.