గ్రాంటు తీసుకుంటే ప్రభుత్వాన్ని విమర్శించకూడదా?

మీ స్వచ్ఛంద సంస్థ నివేదిక ప్రభుత్వ విధానాన్ని తప్పుబట్టిందని అధికారులు గ్రాంటు ఆపేస్తామన్నారంటే, చిక్కు చట్టంలో కన్నా ఒప్పందపత్రంలోనే ఉండొచ్చు.

1. అందులో ప్రచురణ, ముందస్తు అనుమతి, రద్దు షరతులు చదవండి. విమర్శించకూడదన్న ఆంక్ష గ్రాంటు డబ్బుకేనా, సంస్థ మొత్తానికా?

2. డబ్బుకే అయితే, నివేదిక ఖర్చు సొంత విరాళాల్లో చూపండి. చాలామంది తప్పేది ఇక్కడే: ఖాతాలు విడదీస్తారు, జీతాలు విడదీయరు. నివేదిక రాసినవారి జీతమంతా గ్రాంటులోంచే వెళ్తే, ఆడిట్‌లో అది గ్రాంటు పనిగానే లెక్కకొస్తుంది. ఎవరు దేనికి ఎన్ని గంటలు పనిచేశారో టైమ్‌షీటులో ఏ రోజుది ఆ రోజే రాయించండి. అద్దె, కరెంటు అదే నిష్పత్తిలో పంచండి. నెలాఖరున ఒక్కసారే నింపిన షీటు ఆడిట్‌లో నిలబడకపోవచ్చు. (పార్టీల తరఫు ప్రచారం వేరే సంగతి, చాలా దేశాల్లో సొంత డబ్బుతోనూ కుదరదు.)

3. సంస్థ మొత్తానికైతే, ఆపడానికి కారణం రాతపూర్వకంగా అడగండి. రెన్యువల్‌కు సంతకం పెట్టేముందే ఆ షరతు మార్పించండి.