విద్యుత్ వాహనమా, విద్యుద్వాహనమా?

సందేహం: “విలాసవంతమైన దుబాయ్ పోలీసుల విద్యుత్ వాహనాలు, అధిక పనితీరు కార్లు” అని ఒక వార్తలో చదివాను. ‘విద్యుత్ వాహనం’ అనడం సరైనదేనా, ‘విద్యుద్వాహనం’ అనాలా? ‘అధిక పనితీరు’ అనవచ్చునా? – దుబాయ్‌లో ఉంటున్న ఒక పాఠకుడు

సమాధానం: విద్యుత్ అనే సంస్కృత శబ్దం తకారంతో ముగుస్తుంది. తెలుగులో అది జగత్తు, శరత్తుల వలె ‘విద్యుత్తు’ అవుతుంది. మరొక సంస్కృత పదంతో సమాసమైతే మాత్రం సంస్కృత సంధి చేయాలి. విద్యుచ్ఛక్తి, విద్యుద్దీపం, విద్యుదాఘాతం అని మనం రోజూ రాస్తూనే ఉన్నాం; వీటిలో చివరి రెండింటిలో తకారం దకారంగా మారింది, దానినే జశ్త్వసంధి అంటారు; ఆ చొప్పునే విద్యుత్, వాహనం కలిసి ‘విద్యుద్వాహనం’ అవుతుంది. వ్యాకరణం ప్రకారం ఇదే సరైన రూపం. అయితే పత్రికల వారు విడివిడిగా రాసే ‘విద్యుత్ వాహనం’ వాడుకలో స్థిరపడిపోయింది కనుక దానిని తప్పుపట్టను.

కారు, బస్సు వంటి అన్యదేశ్యాల దగ్గర ఈ సంధి పనికిరాదు. ‘విద్యుద్బస్సు’ అని ఎవరైనా రాస్తే అది పాండిత్యం కాదు, పొరపాటు. ‘విద్యుత్కారు’ అని కలిపి రాస్తే చీత్కారం, ఫూత్కారం వంటి మాటేదో అనిపించి చదువరి తడబడతాడు. ‘విద్యుత్తు కారు’, ‘విద్యుత్తు బస్సు’ అని విడిగా రాయడం అన్ని విధాలా మేలు.

మీరు అడగలేదు గాని, ఆ వాక్యంలో నన్ను ఎక్కువగా బాధించినది విశేషణం ఉన్న చోటు. తెలుగులో విశేషణం తన వెంటనే వచ్చే నామవాచకాన్ని పట్టుకుంటుంది. ‘విలాసవంతమైన దుబాయ్ పోలీసుల వాహనాలు’ అంటే విలాసం దుబాయ్‌కో పోలీసులకో అంటుతుంది గాని వాహనాల దాకా రాదు. ‘పోలీసుల’ అనే షష్ఠి కూడా ఆలోచించవలసినదే: ‘పోలీసుల కారు’ అంటే వారి సొంత కారు కూడా కావచ్చు, ‘పోలీసు కారు’ అంటే ఆ శాఖ విధులకు వాడేదే.

ఇక ‘విలాసవంతమైన’ అనే మాట నిర్దుష్టమే. విలాసం కలది అని అర్థం. ‘విలసిల్లు’ అనే క్రియలోని ప్రకాశించడమనే భావమే దీనిలోనూ ఉంది. దుబాయ్ పోలీసు శాఖ 2013లో లంబోర్గిని అవెంటడోర్ కారును, 2024లో టెస్లా వారి విద్యుద్వాహనం సైబర్‌ట్రక్‌ను చేర్చుకున్నది ముఖ్యంగా పర్యాటకుల మధ్య తిప్పడానికే కనుక అక్కడ ఈ మాట అతికినట్లు సరిపోతుంది. ఇటలీ పోలీసుల లంబోర్గిని హురకాన్‌కు మాత్రం నేను దానిని వాడను. ఆ కారు ముందు భాగంలో మార్పిడికి పంపే అవయవాలను చల్లగా ఉంచే పెట్టె ఉంటుంది. 2020లో అది ఒక మూత్రపిండాన్ని పాదువా నుంచి రోమ్‌కు, సుమారు 490 కిలోమీటర్లు, రెండు గంటల్లో చేర్చింది. అక్కడ చెప్పవలసినది విలాసం కాదు, వేగం.

‘అధిక పనితీరు’ మాత్రం ముమ్మాటికీ కూడదు. పనితీరు అంటే పనిచేసే తీరు. అది బాగుంటుంది, బాగుండదు, మెరుగుపడుతుంది, అంతేగాని ఎక్కువ తక్కువలుగా ఉండదు. ‘హై పెర్ఫార్మెన్స్’ అనే ఇంగ్లీషు ప్రయోగానికి మాటకు మాట పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆ కార్ల గొప్పదనం వేగమైతే వేగమనే చెప్పాలి: దుబాయ్ పోలీసుల బుగాటి వేరాన్ గంటకు 407 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు కనుక దానిని ‘మహావేగం గల కారు’ అంటే ఏ చదువరికైనా అర్థమవుతుంది.

మీరు పంపిన వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “దుబాయ్ పోలీసు శాఖలోని విలాసవంతమైన విద్యుద్వాహనాలు, మహావేగం గల కార్లు”.